ఆమె అడిగిన మాట

ఇది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే. శంషాబాద్ మీదుగా వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడకు మా తమ్ముడి గురించి చెప్పాను. వాడి చదువుకూ పెళ్లికీ నేనెంత పాటుపడ్డానో, అయినా మూడేళ్లుగా వాడు నాతో ఎలా మాట్లాడటం లేదో రాజేంద్రనగర్ నుంచి చెబుతూనే ఉన్నాను.

ఆమె అంతా విని, "నువ్వేమన్నవ్ బిడ్డా ఆయనను?" అంది.

"ఏమీ అనలేదమ్మా" అన్నాను.

నిజానికి నాన్న దినాల నాడు, చుట్టాలందరి ముందు, "నాన్న పోయింది నీవల్లే" అన్నాను.

"ఏమనకుంటె మూడేండ్లు మాట్లాడకుంట ఎట్లుంటడు?" అని ఆమె మునగాకు సంచి ఎత్తుకుని తొండుపల్లిలో దిగిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రం నా భార్యతో మాత్రం, బస్సులో ఒక పెద్దావిడ నా కష్టం విని ఎంతో బాధపడిందని చెప్పాను.