పెన్ను మూత

పంజాగుట్ట బ్యాంకులో ఒక మేడమ్ హోమ్‌లోన్లు చూసేవారు. మాట మొదలుపెట్టే ముందు ఎదుటివాళ్ల చేతిలోని పెన్ను తీసుకుని మూత పెట్టేసేవారు.

అమీర్‌పేటలో చీరలు బేరమాడినట్టు, వడ్డీ ఎక్కడ తగ్గుతుందోనని నేను ఆమె దగ్గరికి వెళ్లేటప్పటికే కనబడ్డ బ్యాంకులన్నిట్లో దరఖాస్తు పెట్టి వచ్చాను.

"వడ్డీ అడుగుడు తప్పు కాదు తమ్మీ. గిట్ల అప్లై చేసినప్పుడల్లా నీ క్రెడిట్ స్కోరు జర తగ్గుతది. వీనికి పైసల కష్టం మస్తుందని బ్యాంకులోళ్లు భయపడ్తరు. కొన్ని నెలలు ఆగు," అంటూ మేడమ్ మూత పెట్టిన పెన్నును నా జేబులో పెట్టారు.

బోరబండలో చూసుకున్న ఫ్లాటు చేజారింది. చాలా రోజులు ఆమె మీద కోపంగానే ఉన్నాను.

స్కోరు పెరిగాక మళ్లీ వెళ్లాను. మేడమ్ స్కోరు చూశారు. నా పెన్ను తీసుకుని, మూత తీసి, నా చేతికిచ్చారు. సంతకాలన్నీ అయ్యేదాకా ఆ మూత ఆమె గుప్పిట్లోనే ఉంది.