ధ్రువాల రైలు మీద వాదించడానికి నంద్యాల వెళ్లాం

నంద్యాల వక్తృత్వ పోటీకి వచ్చిన అంశం చూసి మా స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు: ‘ధ్రువ ప్రాంతాల్లో రైలుమార్గాలు దేశరక్షణకా, వ్యాపారానికా?’ ఈ ఎండల్లో మంచు గురించి మన పిల్లలేం మాట్లాడతారు, వదిలేయండి అన్నారు. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఆ పోటీలో మా కళాశాల ఎప్పుడూ మొదటి రౌండు దాటలేదు. రెండో సంవత్సరం చదివే హసీనా మాత్రం “నేను పోతా మేడం” అంది. ఆమెను తీసుకుని బయలుదేరాను.

ఉదయం ప్రొద్దుటూరు స్టేషనులో నంద్యాల రైలెక్కాం. జనరల్ టికెట్టు వందలోపే. గండికోట చూడాలనుకునేవారు జమ్మలమడుగులో దిగితే ఆటోలు దొరుకుతాయి. అక్కడే చీరల మూటతో ఒక పెద్దావిడ ఎక్కింది. వాళ్లది నేతపని చేసే ఇల్లట, బనగానపల్లెలో చీరలమ్మడానికి పోతోంది. పేరు లక్ష్మమ్మ.

“ఏం చదువుతాండావు పాపా, అంత గట్టిగా?”

“మంచుదేశాల రైళ్ల గురించి అవ్వా. స్వీడన్‌లో ఇనుపరాయి ఓడలకు చేర్చేకి వేసినారు. రష్యావోళ్లు యుద్ధం సామాన్ల కోసం వేసుకున్నారు. ఫిన్లాండులో ఇంకోటి వేస్తామంటే ఆడ జింకలు మేపుకునేటోళ్లు వద్దన్నారు.”

“రైలొస్తే మంచిదే గదా! ఇది మా ఊర్లో ఆగబట్టే నా చీరలు అమ్ముడుపోతాండాయి.”

“మేత బీళ్లే పోతే, ఆగినా ఏం చేసుకుంటారవ్వా?”

“అదీ నిజమేలే” అని లక్ష్మమ్మ నవ్వి, మూట విప్పి మాకు చెరో బొరుగుల ఉండ పెట్టింది.

నంద్యాలలో హాలు నిండిపోయింది. రెండింటికన్నా ముందు అక్కడి కాపరుల బతుకు చూడాలని హసీనా వాదించింది. చివర్లో న్యాయనిర్ణేత, రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయన, ఆమెను నిలదీశాడు. “సరిహద్దు కాపాడుకోవాల్సిన దేశం నలుగురు పశువుల కాపరుల కోసం ఆగాలా అమ్మా?”



“ఆగాల సార్” అంది హసీనా. “ఇనుపరాయి ధర పడిపోతే కంపెనీ పోతుంది. యుద్ధం అయిపోతే సైన్యం పోతుంది. ఆ మంచులో ఎప్పటికీ ఉండేది వాళ్లే. వాళ్లనే వెళ్లగొట్టుకుంటే ఇంక కాపాడేది ఎవర్ని సార్?”

ముందుగా చప్పట్లు కొట్టింది ఆ ఇంజనీరే. మొదటి బహుమతి మాదే! రాష్ట్రస్థాయి పోటీకి విశాఖపట్నం రమ్మన్నారు.

బయట బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటుంటే బండాయన అడిగాడు. “ఏమ్మా, శానా నగుతాండారు, పెళ్లేమన్నా కుదిరిందా?”

“పెళ్లి కాదన్నా, విశాఖపట్నం పోతాండా!” అని హసీనా అరిచింది. ఆయన ఇంకో రెండు బజ్జీలు వేశాడు.

ఇన్నేళ్లుగా రవాణా పాఠంలో సరుకు, ఖర్చు, లాభం అని మూడు మాటలే బోర్డు మీద రాసేదాన్ని. దారిలో ముందునుంచీ బతుకుతున్నవాళ్ల మాట నా పాఠంలో లేదు. ఈ ఏడాది ఆ పాఠం హసీనా చేతే చెప్పించాను, స్టాఫ్‌రూము మొత్తం వెనక బెంచీల్లో కూర్చుని విన్నది.

ఒక సలహా: ఈ దారిలో రైళ్లు తక్కువ, తిరుగు రైలు వేళ ముందే కనుక్కోండి. సన్మానంలో ఆలస్యమై మాకు రైలు తప్పిపోయింది. ఆళ్లగడ్డ మీదుగా బస్సులు బాగానే ఉన్నాయి. ఆ బస్సులో హసీనా తన కప్పును కండక్టరు మొదలుకొని వెనక సీటువాళ్ల దాకా అందరికీ చూపించింది.