అక్కకు గౌను కొన్న అమావాస్య

బొమ్మ మనుషులకు ఇల్లు కట్టి, తిండి పెట్టి, ఉద్యోగాలకు పంపి, పెళ్ళిళ్ళు చేసే కంప్యూటర్ ఆట ఒకటుంది. నేనూ అక్కా చిన్నప్పటి నుంచీ దాన్నే ఆడాం. అప్పట్లో దాని అదనపు భాగాలు డబ్బాల్లో, డిస్కులుగా వచ్చేవి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక అంగడాయన మా కోసం తెప్పించి పెట్టేవాడు. కుక్కలూ పిల్లులూ ఒక డబ్బా, కాలేజీ ఒక డబ్బా. ఒకటి తెచ్చుకుంటే నెలల తరబడి అందులో ఏదో ఒకటి కొత్తగా కనిపిస్తూనే ఉండేది. వానలున్న డబ్బా తెచ్చిన రోజు తెర మీద జోరున వాన పడుతుంటే నాయన వాకిట్లో నిలబడి చూశాడు.

"దుడ్లిచ్చి వాన కొనుక్కొచ్చినారా? ఆ అంగడి యాడుండాదో చెప్పండమ్మా, నేనూ పోయొస్తా. ఈడ సెనక్కాయ ఎండిపోతాండాది" అన్నాడు. మేము పడీపడీ నవ్వాం. ఆ ఏడు మా చేలో విత్తనం కూడా తిరిగి రాలేదు.

ఇప్పుడా డబ్బాలు లేవు. ఆట ఊరికే ఇస్తారట, ఎంత ధర్మాత్ములో! లోపలికి పోతే బోసి ఇల్లు. సోఫాకు ఒక ప్యాక్, కర్టెన్లకు ఇంకో ప్యాక్, గిన్నెలకు మరొకటి. ఒకప్పుడు ఒక్క డిస్కులో వచ్చినదాన్ని బెండకాయలు తరిగినట్టు తరిగి అమ్ముతున్నారు. ఫోన్ మీద వేలు ఆనిస్తే డబ్బు పోతుంది, చేతికి అట్టముక్క కూడా రాదు. నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టుకుంటూనే కొంటాను, ఎందుకంటే అక్క అందులో ఉంది.

డిగ్రీ చదివేటప్పుడు అక్క ఈ కొత్త ఆటలో ఒక ఇల్లు కట్టి, తనలాంటి బొమ్మనూ నాలాంటి బొమ్మనూ అందులో పెట్టింది. బుగ్గ మీద మచ్చతో సహా అచ్చం తనే. తర్వాత జ్వరమొచ్చి ఆసుపత్రికి పోయిన మనిషి ఇంటికి రాలేదు. ఆటలో వయసు పెరగకుండా ఆపే మందు ఒకటుంది. అక్క ఆడి సంపాదించిన పాయింట్లు ఒక్క సీసాకే సరిపోయాయి. దాన్ని అక్క బొమ్మకు తాగించాను. నా బొమ్మ ముసలిదైతే ఏం, అనుకున్నాను.

పెద్దల అమావాస్యకు మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటోల ముందు కొత్త బట్టలూ, వాళ్ళకు ఇష్టమైన వంటలూ పెడతారు. అక్కకు మొదటిసారి పెట్టిన రోజు నేను ఆట తెరిచి ఆమె బొట్టూ జడా చూసుకుంటుంటే అమ్మ వెనక నిలబడింది.

"ఫోటో చీర కట్టుకోదు. ఇది కట్టుకుంటాది కదా? దీనికే పెడుదాం" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో అదే ఆచారం. ఏటా ఆ రోజు మధ్యాహ్నం ఒక బట్టల ప్యాక్ కొని అక్కకు తొడుగుతాం. కంచు తళిగెలో అక్కకు ఇష్టమైన తీపి ఓళిగలు పెట్టి తెర ముందు ఉంచుతాం. అక్క కొత్తబట్టల్లో నడుస్తుంటే అమ్మ చూస్తూ కూర్చుంటుంది, ఆమె కూర్చున్నంతసేపూ ఆటలో రోజులు గడిచిపోతాయి. ఏటికేడూ నా బొమ్మ జుట్టు నెరిసింది. అమ్మ దాన్ని గమనించిందో లేదో నాకు తెలియదు. ఆమె కళ్ళు అక్క మీదే ఉండేవి, అందుకు నాకు కుళ్ళుగా కూడా ఉండేది.

పోయిన పెద్దల అమావాస్యకు అమ్మ ఒక పసుపు గౌను మీద వేలు పెట్టింది. అది విడిగా దొరకదు. చావు గురించి వచ్చిన పెద్ద ప్యాకులో ఉంది. శ్మశానం, ఏడుపులు, కర్మలు అన్నీ కలిపి ఒకటే రేటు. పాత డబ్బాల కాలంలో బొమ్మలు ఊరికే చచ్చేవి, మర్నాటికి మిగతావి మరిచిపోయేవి. ఇంకోటి చూద్దామన్నాను. అమ్మ వినలేదు. ఒక్క గౌను కోసం చావునంతా కొన్నాం.

అక్క పసుపు గౌనులో మెట్లు దిగింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెరట్లో నా బొమ్మ చెట్లకు నీళ్ళు పోస్తోంది. నల్ల ముసుగు మనిషి ఒకడు, ఆ ఆటలో యముడు, గేటు తీయకుండానే లోపలికి వచ్చాడు. నా బొమ్మ నీళ్ళ డబ్బా కింద పెట్టి, నేల మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు.

మౌస్ వదిలేశాను. అక్క ఏడ్చింది. తర్వాత, ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఇంట్లోకి పోయి ఒక చిన్న బల్ల తెచ్చింది. దాని మీద నా ఫోటో పెట్టింది, ఒక తళిగె తెచ్చి ఫోటో ముందు ఉంచింది. చేతులు కట్టుకుని, తల ఎత్తి, నేరుగా మా వైపు చూస్తూ నిలబడింది. బయట ఎండ మండిపోతోంది, వీధిలో ఎక్కడా మనిషి అలికిడి లేదు.

"అది ఎవురికి పెడతాండాది?" అంది అమ్మ.

"నాకే అమ్మా."

ఆట మూయబోతే ఎప్పటిలాగే తెర మీద ప్రశ్న వచ్చింది, జరిగినదాన్ని ఉంచాలా వద్దా అని. వద్దంటే నా బొమ్మ బతికే ఉంటుంది, అక్క ఒంటి మీద గౌను ఉండదు. మళ్ళీ తొడగాలంటే ఆట తెరవాలి, తెరిస్తే నేను పోయే రోజు మళ్ళీ వస్తుంది. ఇదంతా అమ్మకు చెప్పాను. ఉంచమంటుందని భయపడ్డాను. నిజంగానే భయపడ్డాను, బొమ్మ కోసం కాదు.

అమ్మ చాలాసేపు అక్క మొహం చూసింది. నా చేతి కిందున్న మౌస్ తన వైపు లాక్కుంది.

"వద్దనేది యాడుండాది?"

చూపించాను. నొక్కింది. తెర నల్లబడింది.

"ఇంక తెరవద్దు పాపా" అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఆ అమావాస్యకు అక్కకు ఏమీ అందలేదు.