ఆఖరి వ్యాగన్ దగ్గర మాట

వాకీటాకీ బటన్ వదలగానే చివర్లో ‘కుస్’మని చిన్న చప్పుడు వస్తుంది. ఈ ఉదయం మా దుకాణంలో అది వినగానే సింహాచలం గారు పక్క కుర్చీలో ఉన్నట్టే అనిపించింది. రైల్వేలో వైర్‌లెస్ పని చేసి, రిటైరయ్యాక బిలాస్‌పూర్‌లోనే రేడియోలు బిగించే చిన్న వర్క్‌షాపు పెట్టిన మనిషి ఆయన. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిందీ, నా పొగరు దించిందీ ఆయనే.

నేను చేరిన కొత్తలో గతౌరా వైపు ఒక బొగ్గు సైడింగులో, అంటే వ్యాగన్లలో బొగ్గు నింపే పక్క పట్టాల దగ్గర, రిపీటర్ పెట్టాల్సి వచ్చింది. వ్యాగన్ల మధ్య దూరి వాటిని కలిపే కప్లింగు విప్పే మనిషి ‘ఆపండి’ అంటే, ఆ మాటను అందుకుని ఇంజను దాకా చేర్చే యంత్రం అది. ఒకే యాంటెనాతో ఏకకాలంలో వింటూ పలకాలి కాబట్టి, దాని గొంతు దాని చెవినే హోరెత్తించకుండా మధ్యలో డుప్లెక్సర్ అనే పెట్టె ఉండాలి. దాన్ని ఎంచే పని నాకు అప్పగించారు. నేను చిన్నది, తేలికైనది ఎంచాను. అది మా సొంత గొంతును మాత్రమే ఆపగలదు. వర్క్‌షాపు బల్ల మీద చక్కగా పనిచేసింది. సైడింగు టవరు మీద వేరేవాళ్ళ యాంటెనాలు రెండున్న సంగతి నా బుర్రకు తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

బిగించిన రోజు ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదు. బ్యాటరీ సగమే ఉన్న సెట్ చేతికిచ్చి, “ఆఖరి వ్యాగన్ కాడికెల్లి ఆపమని చెప్పమ్మా” అన్నారు. ఇంజను నిలిచే ఉంది, పరీక్ష మాత్రమే. వెళ్ళి ‘ఆపండి’ అన్నాను. జవాబు లేదు. గొంతు చించుకున్నాను. పక్క యాంటెనాలు పలికినప్పుడల్లా మా రిపీటర్ చెవిటిదైపోతోంది. రెండు వ్యాగన్ల నడుమ సందు ఒక మనిషి పట్టేంతే ఉంది. విసవిసా తిరిగి వచ్చాను.

“ఏటి, ఇనపడనేదని కోపమా?” అన్నారాయన. “ఆ సందులో రోజూ దూరీవోడికి కోపం తెచ్చుకోడానికి టైముండదు, అచ్ఛా?”

నాకు సిగ్గేసింది. మర్నాడు మా ఫ్రీక్వెన్సీలను తప్ప వేరే వాటిని గడప దాటనివ్వని పెద్ద డబ్బాల డుప్లెక్సర్ తెచ్చాం.

“ఇది పవరు కొంచెం తినేస్తాది కదండీ,” గొణిగాను.

“తిన్నీ. మనం అరిసీది తగ్గినా పర్లేదు, ఆడి మాట మనకి ఇనపడాల.”

మళ్ళీ నడిచాను. ఈసారి మామూలు గొంతుతోనే ‘ఆపండి’ అన్నాను. “ఆపేసినాం తల్లీ, వచ్చీ” అని ఆయన గొంతు నా చేతిలో పలికింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆ పెట్టెలు నేనే ఎంచుతున్నాను. “చిన్నది చాలదా మేడం?” అని అడిగేవాళ్ళు వస్తూనే ఉంటారు. మునుపు వాదించేదాన్ని. ఇప్పుడు ఇంజను ఆపించి, పరీక్షకు ముందు చిన్నదే బిగించి, సెట్ వాళ్ళ చేతికిచ్చి, ఆఖరి వ్యాగన్ దగ్గరకు పంపిస్తున్నాను.