దయ్యం కోసం తెరిచి పెట్టిన మడత కత్తి

నా పెద్ద కొడుకు పుట్టింది మా పుట్టింట్లో, చింతామణి పట్నానికి మూడు మైళ్ల దూరంలోని పల్లెలో. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదో అరవయ్యో అయి ఉంటుంది. బాలింత దిండు కింద ఇనుము ఉండాలని మా వైపు ఆచారం. లేకపోతే దయ్యం వచ్చి బిడ్డను చూసిపోతుందట. మా మేనత్తలంతా చేస్తున్న పని అదే కదా, వాళ్లనెవరూ ఆపలేదే అనుకున్నాను. కానీ మా అవ్వ, అంటే నాయన తల్లి, ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికి?

మామూలుగా కొడవలి పెడతారు. ఆ వారం మేం పెంచే పట్టుపురుగులు గూడు కట్టే ముందు చివరి నిద్ర లేచి ఆకలి మీదున్నాయి. ఇంట్లో ఉన్న రెండు కొడవళ్లూ వాటికి ఆకు కోస్తూ మల్బరీ తోటలోనే. అందుకని మా నాయన తన మడత కత్తి ఇచ్చాడు.

చింతామణి సంతలో కొన్న కత్తి అది. కొమ్ము పిడి, దాని వీపున ఉక్కు పట్టీ. కోసే అలుగు తెరవగానే పట్టీ కొస అలుగు మొదట్లో ఉన్న గాటులో పడి టక్కుమంటుంది. పట్టీని బొటనవేలితో ఎత్తితే గానీ మళ్లీ మడత పడదు. ఆ చప్పుడంటే మా నాయనకు ప్రాణం. చుట్టాలొచ్చినా టక్, ఆకు బేరం కుదిరినా టక్, బస్సు రాకపోయినా టక్.

అవ్వ దిండెత్తి చూసింది.

"ఏమప్పా, మూసిన కత్తి పెట్టినావే? దయ్యం నవ్వుతాది."

"లోపల అలుగు ఉండాదని దానికి తెలీదామ్మా?" అన్నాడు నాయన.

"నీ పంచె యాడుండాదో నీకే తెలీదు, దానికెట్ల తెలుస్తాది? తెరిచి పెట్టు."

తెరిచి పెట్టారు. పాలివ్వడానికి ఒత్తిగిలినప్పుడల్లా నా చెయ్యి దిండు కిందికి పోతుంది. బిడ్డ పిడికిలి కూడా అక్కడే. కత్తి మడుచుకుంటే పోయేది నా వేళ్లో వాడి వేళ్లో.

"నాయనా, ఇది మూసుకొంటే?"

"మూసుకొనే కత్తి కాదమ్మా ఇది. ఎద్దు తొక్కినా కదల్దు."

"పండుకొండేది ఎద్దు కాదు గదా నాయనా, నేనూ బిడ్డా."

ఆయనకు రోషం వచ్చింది. "చూడు మల్ల!" అని కత్తి తీసుకొని, గుమ్మంలో కూర్చొని, అలుగు వీపును గడప చెక్కకేసి కొట్టాడు. ఆగింది. ఇంకోసారి కొట్టాడు. ఆగింది. నా ముఖంలో నమ్మకం కనిపించలేదేమో, మూడోసారి పొట్టేలును నరికినట్టు కొట్టాడు. పట్టీ గాటులోంచి జారింది. అలుగు వచ్చి ఆయన చూపుడువేలి మీద కూర్చుంది.

ఆ అరుపుకు తోటలో ఆకు కోసేవాళ్లు కొడవళ్లతో సహా పరుగెత్తుకొచ్చారు. ఏ దయ్యమైనా దారి తప్పి వచ్చి ఉంటే అప్పుడే పారిపోయి ఉంటుంది. మా అమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది.

"దయ్యానికి పెట్టిన కత్తికి నువ్వు దొరికితివా నాయనా!" అంది అవ్వ.

నేను కత్తి తీసుకొని చూశాను. ఉక్కు పట్టీ గట్టిగానే ఉంది. అది పట్టుకోవలసిన గాటు అంచే నున్నగా అరిగిపోయింది. ఎనిమిదేళ్లు ఊరందరికీ టక్కుటక్కుమని చూపిస్తే అరగక ఏం చేస్తుంది? చప్పుడు మాత్రం కొన్నప్పటిలాగే ఉంది. మేమంతా ఆ చప్పుడునే బలం అనుకున్నాం.

"ఇంగ దీన్ని మూసైనా తెరిచైనా నా బిడ్డ దగ్గర పెట్టేది లేదు" అన్నాను. అవ్వకు ఎదురు చెప్పడం నాకదే మొదలు.

అవ్వ నా వైపు ఒక చూపు చూసి, వంటింట్లోకి పోయి, దోసెలు తిప్పే ఇనుప అట్లకాడ తెచ్చి దిండు కింద దోపింది.

"దీనికి మడతా లేదు, టక్కూ లేదు. పండుకో."

పురుడు తీరేదాకా ఇంట్లో దోసె లేదు. మా నాయన కట్టిన వేలు పైకెత్తుకొని, గడప అవతల నుంచి "ఇంగ ఎన్ని దినాలు?" అని రోజూ అడిగేవాడు. నేను మాత్రం చెయ్యి దిండు కింద పెట్టుకొని, బిడ్డను దగ్గరికి లాక్కొని, హాయిగా నిద్రపోయేదాన్ని.