మేడమ్ ఖాతా మూసిన రోజు

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున్న నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క నేదమ్మీ. తెల్లారగట్ల గుండె పట్టేసింది. ఆస్పత్రికి తీసికెల్లే టైము కూడా ఇవ్వనేదు" అన్నారు. అప్పుడు నా నోట వచ్చిన మాట చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. "సర్వర్ పని సగంలో ఉంది కదండీ" అన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

మా సంస్థకు రాయగడలో పెద్దాఫీసు ఉంది. కోరాపుట్, నందపూర్, గుడారి, కొల్నారల్లో చిన్నవి ఉన్నాయి. ఎక్కడ ఎవరు కంప్యూటర్ తెరిచి పేరూ పాస్‌వర్డూ కొట్టినా, "అవును, ఈయన మనవాడే" అని ఒప్పుకోవాల్సింది రాయగడలోని ఒకే ఒక్క యంత్రం. దాన్ని డైరెక్టరీ సర్వర్ అంటారు. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది మేడమ్. నేను ఆవిడ పక్కన కూర్చుని పని నేర్చుకున్నదాన్ని.

దాని సాఫ్ట్‌వేర్ పాతబడింది. కొత్త వెర్షన్‌కి మార్చే పని ఆ శనివారమే మొదలుపెట్టాం. పాత యంత్రం పక్కనే కొత్తది పెట్టి, ఉన్నదంతా అందులోకి ఎక్కించాం. ఇక పాతదాన్ని ఆర్పేద్దామా అని అడిగాను.

"ఆర్పడానికి తొందరేటమ్మీ? రెండ్రోజులు రెండూ పక్కపక్కన ఉండనీ. కొత్తది కుదురుకున్నాక సూద్దాం" అన్నారు. ఆ రెండు రోజులు ఆవిడకే లేకపోయాయి.

సర్వర్ గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానిచ్చేవారు కాదు, మేనేజర్‌ని కూడా. ఏసీ చలికి నేను వణుకుతుంటే, తలుపు వెనక మేకుకి తగిలించిన తన గోధుమరంగు స్వెట్టర్ తీసి నా మీద పడేసేవారు. "ఏసుకో. నీ పల్ల సప్పుడికి నా బుర్ర పన్సెయ్యట్నేదు" అనేవారు. ఆవిడకి చలి వేయదా అని అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఏ మార్పు చేసినా మొదటి ఫోన్ గుడారికే. లైను అన్నిటికంటే నెమ్మది అక్కడ. "హెలా?" అని ఒడియాలో అడిగేవారు, అయిందా అని. అక్కడి గుమస్తా లాగిన్ చేసి చూసి, "హెలా, మేడమ్" అన్నాకే టీ తాగేవారు. గుడారికి అయితే అందరికీ అయినట్టే అనేవారు.

తన మొదటి ఉద్యోగం నాటి కథొకటి ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పారో. కోరాపుట్‌లో ఒక పెద్ద సారు, సర్వర్ మీద నడిచే పనులన్నీ తన సొంత ఖాతాతో, అంటే తన పేరూ పాస్‌వర్డుతోనే, కట్టిపెట్టాడట. రిటైరయ్యాడు. శాలువా కప్పి, దండ వేసి, సాయంత్రం ఆయన ఖాతా మూసేశారు. "మన్నాడు ఒక్కడికీ కంప్యూటరు తెరుసుకోనేదు. జీపేసుకుని ఆయనింటికే ఎల్లేరు. సూసేరా, ఆయన నేకపోతే ఆఫీసే నేదు అని ఒకటే పొగడ్డం" అని నవ్వేవారు. నవ్వు ఆపి, "అది పొగడ్తేటమ్మీ? మనం నేకపోతే ఆగిపోయిందంటే, మనం పని సరిగ్గా సెయ్యనేదన్నమాట" అనేవారు.

దహనం అయిన మర్నాడు ఆఫీసుకి వెళ్లి పాత సర్వర్ ఆర్పేశాను. గుడారికి ఫోన్ చేసి "హెలా?" అన్నాను. కాసేపటికి గుమస్తా అలవాటుగా "హెలా, మేడమ్" అనేసి, ఠక్కున ఆగిపోయాడు. నేనే ఫోన్ పెట్టేశాను. ఆ రోజు టీ తాగలేకపోయాను.

ఇంకొక్క పని మిగిలింది. ఉద్యోగి చనిపోతే వెంటనే ఖాతా మూసేయాలన్న నియమం మా ఆఫీసులో పెట్టింది మేడమే. మేనేజర్ గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటూ, "కావాలంటే రేపు చేద్దువు గానీ అమ్మా" అన్నారు. రేపైతే నావల్ల కాదని నాకు తెలుసు.

స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఖాతాతో ఎక్కడో ఒక్క పనైనా నడుస్తూ ఉంటుందని లోపల ఒక పిచ్చి ఆశ. ఇన్నేళ్లు చూసుకున్న మనిషి తన పేరున ఒక్కటైనా ఉంచుకోకుండా ఉంటారా? నేను మూసేస్తే అది ఆగుతుంది, జీపేసుకుని ఎవరో ఆవిడ కోసం బయల్దేరతారు. నిజం చెప్తున్నాను, నాకు అలాగే అనిపించింది.

మూసేశాను.

ఏది ఆగినా ముందు మోగేది బల్ల మీది ఫోనే. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరో ఒకరు, "మేడమ్, తెరుచుకోవట్లేదు" అంటే చాలనుకున్నాను. పక్క గదిలో ప్రింటర్ నడుస్తోంది. తెర మీద ఒకరి తర్వాత ఒకరు లాగిన్ అవుతున్నారు, కొల్నార, నందపూర్, కోరాపుట్. కాస్త ఆలస్యంగా గుడారి.

సాయంత్రం ఆఫీసు తాళం వేసేదాకా ఆ ఫోన్ మోగలేదు.