తమ్ముడి అరచేతులు ఎర్రబడిన మూడు రోజులు

ఐదేళ్లుగా మోస్తున్నాను. ఈరోజు దించేయాలని ఆత్రంగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. నా ఎముక మూలుగ సరిపోయింది. ఇచ్చాను. మరిపెడలో అందరూ నన్ను దేవతన్నారు. తన ఒంట్లో ఉన్నది అక్క నెత్తురేనని వాడు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. అది వినలేక నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఇదే తమ్ముడు, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, మిర్చి కల్లంలో కూలీలందరి ముందు నా చెంప మీద కొట్టాడు. ఎందుకు? కూలికొచ్చిన ఒకతనితో నవ్వుతూ మాట్లాడానని. నాకంటే మూడేళ్లు చిన్నవాడు! బాపు చూసి కూడా బస్తాలు కుట్టుకుంటూ ఉండిపోయాడు. స్టేషన్ ఘన్‌పూర్‌కు కోడలిగా వెళ్లాక కూడా ఆ చెంప మండుతూనే ఉండేది.

మామూలుగా బయటి కణాలు ఒంట్లోకి వస్తే రోగి ఒళ్లే వాటి మీద పడుతుందట. మూలుగ మారిస్తే తిరగబడేవి కొత్త కణాలే. రోగి ఒళ్లే వాటికి పరాయిదిగా కనిపించవచ్చు. అరచేతులు ఎర్రబడితే అదే మొదటి గుర్తని, ఆ రోజే తీసుకురమ్మని డాక్టర్ చెప్పారు. తమ్ముడు మందుల మత్తులో ఉన్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

నాలుగో నెలలో మందులు తగ్గించి ఇంటికి పంపారు. సేవకని నేనూ పుట్టింట్లోనే ఉన్నాను. ఒక పొద్దున వాడు ఎర్రబడిన అరచేతులు చాపాడు.

"అక్కా, గిదేందే? అరచేతులు మంటలు లేస్తున్నయ్."

"మిరపకాయలు ముట్టినవా?"

"జర ముట్టిన."

"గదే మరి. కొబ్బరినూనె రాసుకో, తగ్గుతది."

నాకు తెలుసు. చూడగానే తెలిసింది. గుండె ఎగిరి గంతేసింది! పరీక్షలన్నీ సరిపోయాయన్నారే, అయినా నా కణాలు వాణ్ని పట్టేశాయి! వీడు పరాయివాడని వాటికి ఎవరు చెప్పారు? నన్ను కొట్టిన ఆ చెయ్యే మండుతోంది, ఇన్నేళ్లకు నేను తిరిగి కొట్టాను, అదీ చెయ్యెత్తకుండా, ఎవరికీ కనబడకుండా. కూనిరాగం తీస్తూ నూనె గిన్నె తెచ్చిచ్చాను. అలా మూడు రోజులు.

నాలుగో రోజు విరేచనాలు ఆగలేదు. కళ్లు పచ్చబడ్డాయి. హైదరాబాద్ దవాఖానకు పరుగెత్తాం. ఎప్పటి నుంచి అని డాక్టర్ అడిగితే, నిన్నటి నుంచి అన్నాను.

బతికాడు. కానీ చేతుల చర్మం బిగుసుకుపోయింది, పిడికిలి పట్టలేడు. కళ్లలో తడి రాదు, రోజంతా చుక్కలు వేసుకుంటూనే ఉండాలి. మొదటి రోజే తీసుకెళ్తే ఇలా అయ్యేది కాదా? ఏమో. ఆ 'ఏమో' చాటునే ఇన్నాళ్లూ బతికాను.

వాడి మీద నాకు ప్రేమ లేదా? ఉంది. ఆ మూడు రోజులూ వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే. మరి అదెలా సాధ్యం? నాకూ తెలియదు. మీరు క్షమిస్తారని రాయడం లేదు. ఏడుస్తూ రాస్తాననుకున్నాను, కానీ గుండె అప్పటిలాగే గంతులేస్తోంది. నా జన్మలో ఆ మూడు రోజులంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

హమ్మయ్య. అనేశాను.